దేశం పేరు లేని వరుస

మా ఇంట్లోకి లాటిన్ భాష ఫోన్లోంచి వచ్చింది. మా ఆయన గొంతులో ఒక్కో అక్షరమే, వెనకాల ఎక్కడో గాలి హోరు వినిపిస్తుండగా వచ్చింది. అప్పటికి దాని పేరు తప్ప నాకేమీ తెలియదు. సోషల్ పాఠంలో రోము రాజ్యం గురించి చెప్పేదాన్ని గానీ, ఆ రాజ్యంలో జనం ఏ భాష మాట్లాడేవారని ఏ పిల్లా అడగలేదు, నేనూ పట్టించుకోలేదు.

మా ఆయన ఓడల్లో ఆయిలర్. ఇంజను గదిలో యంత్రాలకు నూనె పెట్టడం, తుడవడం, వేడెక్కాయో లేదో చెయ్యి పెట్టి చూడటం ఆయన పని. వాళ్లది భావనపాడు దగ్గర ఊరు. అక్కడ మగవాళ్లు చేపల పడవైనా ఎక్కుతారు, పెద్ద ఓడైనా ఎక్కుతారు. ఆయన మా మేనత్త కొడుకే, పుట్టినప్పటి నుంచీ నాకు బావే. నేను శ్రీకాకుళంలో ఓ మిషన్ స్కూల్లో టీచర్ని. నాగావళి వంతెనకి కాస్త ఇవతల అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. ఉండేవాళ్లం అనడం అలవాటే గానీ, ఏడాదిలో తొమ్మిది పది నెలలు ఉండేదాన్ని నేనొక్కదాన్నే. పిల్లలు లేరు. ఆ సంగతి ఇక్కడితో సరి.

రెండు వారాలకోసారి, ఆదివారం మధ్యాహ్నం, నేను చర్చి నుంచి వచ్చి అన్నం తిన్నాక ఫోన్ వచ్చేది.

"తిన్నావేటే?"

"తిన్నాను. నువ్వు?"

"తిన్నాను. వానలున్నాయేటి?"

"లేవు బావా."

"సరే మరి."

ఇంతే. ఫోన్ కార్డులో నిమిషాలు మిగిలే ఉండేవి, మాటలే అయిపోయేవి. ఆయన మంచివాడు కాదని కాదు, నా మీద ఇష్టం లేదనీ కాదు. ఓడలో రోజూ ఒకటే గది, ఒకటే చప్పుడు, చెప్పడానికి ఏముంటుంది? నాకు మాత్రం ఏముంది? స్కూలు, చర్చి, గుమ్మం ముందు ఆగే చేపల ఆవిడ. సెలవుకి వచ్చిన రెండు నెలలూ కూడా అంతే. ఎదురెదురుగా కూర్చుని అన్నం తినేవాళ్లం. ఒక సుఖం మాత్రం ఉండేది. నేను మాట్లాడితే ఆయన నా ముఖం మీంచి చూపు తిప్పేవాడు కాదు. పెళ్లయి ఇన్నేళ్లయినా నా ముఖమే చూస్తాడని లోలోపల గర్వపడేదాన్ని.

నా భయం వేరే. ఏదో ఒక రోజు ఆయన ఓడ మానేసి వచ్చేస్తాడు. అప్పుడు రెండు నెలలు కాదు, మిగిలిన బతుకంతా ఎదురెదురుగా కూర్చోవాలి. మాటలు లేని ఇద్దరం ఏం చేస్తాం? ఆయన రావాలని ఎంత కోరుకునేదాన్నో, వచ్చాక ఏం మాట్లాడతానోనని అంత భయపడేదాన్ని. ఈ మాట ఎవరితో అంటే నవ్వరు?

రెండువేల పదకొండులో ఒక ఆదివారం ఆయన మారిషస్ నుంచి చేశాడు. తిన్నావేటే అయ్యాక, వానలు అయ్యాక, సరే మరి అనలేదు.

"ఒసే, ఇక్కడ పోర్టోళ్లు ఓ కాయితం ఇచ్చారు. దాని మీద బొమ్మున్నాది. ఓ పక్క దుప్పి, ఇంకో పక్క లావుపాటి పిట్ట. కింద అచ్చరాలు ఇంగ్లీసువే గానీ మాట ఇంగ్లీసు కాదు. నువ్వు టీచరమ్మవి కదా, ఏటో సెప్పు."

"చదువు, రాసుకుంటాను" అన్నాను. కరెంటు బిల్లు వెనక రాసుకున్నాను. నాలుగు మాటలు. స్టెల్లా, క్లావిస్క్వే, మారిస్, ఇండిసి. ఆయన ఒక్కో అక్షరం చదువుతుంటే నేను మళ్లీ పలుకుతూ రాసుకునేసరికి కార్డు అయిపోయింది. ఫోన్ పెట్టేసి చూస్తే ఆ రోజు మేం మామూలు కన్నా మూడు రెట్లు మాట్లాడుకున్నాం. మాట్లాడుకున్నది వట్టి అక్షరాలే అనుకోండి.

మా స్కూల్లో ఒకరు ఫ్రెంచి అన్నారు, ఇంకొకరు స్పానిష్ అన్నారు. చివరికి లెక్కల టీచర్ కరెంటు బిల్లు వెనక చూడగానే తేల్చేసింది. "ఇది లాటిన్. క్యాథలిక్ ఫాదర్లకి వస్తుంది, వెళ్లి అడుగు" అంది.

అక్కడే వచ్చింది చిక్కు. మాది మూడు తరాల బాప్టిస్టు కుటుంబం. చిన్నప్పుడు మా నాన్న క్యాథలిక్కుల గుడి ముందు నుంచి సైకిల్ తొక్కాల్సి వస్తే అవతలి వైపు తల తిప్పుకునేవాడు. నేను అంత కాదు గానీ, మా సంఘంలో ఎవరైనా చూస్తే వారం రోజులు ఆరాలు తీస్తారని భయం. స్కూటీ సందు చివర పెట్టి, కొంగు నెత్తిన కప్పుకుని దొంగలా లోపలికి వెళ్లాను.

ఫాదర్ పెద్దవారు. పనిలోంచి విశ్రాంతి తీసుకుని గుడి వెనక గదిలో ఉండేవారు. ఎప్పుడూ దగ్గు. మంచం పక్కన మందు సీసా, కిటికీ అవతల నాలుగు కోళ్లు. కరెంటు బిల్లు అందుకుని, కళ్లజోడు సవరించుకుని చూసి నవ్వారు.

"హిందూ మహాసముద్రానికి నక్షత్రం, తాళంచెవి. ఇది ఆ దేశం మాట అమ్మా. ప్రతి దేశమూ తన ముద్ర కింద ఇలా ఒక మాట రాసుకుంటుంది, ఇంటి గుమ్మం మీద రాసుకున్నట్టు. తెరచాపల కాలంలో ఆ దీవి ఎవరి చేతిలో ఉంటే ఆ సముద్రంలో దారి వాళ్లది. అందుకని తాళంచెవి."

ఆ రోజుల్లో మన తీరం నుంచి ఎంతోమంది చెరకు తోటల్లో పనికని ఆ దీవికి ఓడలెక్కి వెళ్లారనీ, వాళ్ల మనవలు మునిమనవలు ఇప్పటికీ అక్కడ తెలుగు పండగలు చేసుకుంటారనీ కూడా చెప్పారు. నేను ఇంటికొచ్చి ఒక లాంగ్ నోటుబుక్కు తీసి, స్కేలు పెట్టి గడులు గీశాను. దేశం, అక్షరాలు, అర్థం, తేదీ. టీచర్ని కదా, గడులు లేకపోతే నాకు ఏదీ బుర్రకెక్కదు.

తర్వాతి ఫోన్లో అర్థం చెప్పాను. ఆయన పెద్దగా నవ్వాడు.

"తాళంసెవా? మరి మనింటి తాళంసెవి ఎవరి దగ్గరుందే?"

"నా దగ్గరే."

"అయితే ఆ బొమ్మలో దుప్పివి నువ్వే. పిట్టనేమో నేను. ఇంకోటి సెప్తాను, రాసుకో."

అలా మొదలైంది. ఏ రేవుకి వెళితే ఆ రేవులో కనబడిన ముద్ర కింద మాట ఆయన చదివేవాడు. నేను రాసుకునేదాన్ని. వారంలో ఓ సాయంత్రం ఫాదర్ దగ్గరికి వెళ్లేదాన్ని, మళ్లీ ఫోన్ వచ్చినప్పుడు అర్థం చెప్పేదాన్ని. అమెరికా నాణెం మీద మాట అలాగే వచ్చింది. అనేకంలోంచి ఒకటి. పదమూడు రాజ్యాలు కలిసి ఒక దేశమైనప్పుడు పెట్టుకున్నారట. ఆ మాట ఓ పాత లాటిన్ పద్యంలోంచి వచ్చిందని కొందరంటారని ఫాదర్ చెప్పారు. ఆ పద్యంలో ఒక రైతు పొద్దున్నే లేచి వెల్లుల్లీ ఆకులూ రోట్లో వేసి పచ్చడి నూరుతాడు. నూరగా నూరగా రంగులన్నీ కలిసి ఒకే రంగవుతుంది. అంత పెద్ద దేశం రోటి పచ్చడిలోంచి వచ్చిందని ఫోన్లో చెబితే మా ఆయన నమ్మలేదు.

"ఊరుకోయే" అన్నాడు. "ఆళ్లకి రోలేటి?"

ఒకసారి ఫాదర్‌ని అడిగాను, ఇన్ని దేశాలు ఎవరూ మాట్లాడని భాషలో తమ మాట ఎందుకు రాసుకున్నాయని. ఆయన కాసేపు దగ్గి, నీళ్లు తాగి చెప్పారు. "ఎవరూ మాట్లాడరు కాబట్టే. స్విట్జర్లాండులో నాలుగు భాషలున్నాయి. ఏ ఒక్కదాంట్లో రాసినా మిగతా మూడూ అలుగుతాయి. అందుకని నాణెం మీద దేశం పేరు లాటిన్లో వేసుకున్నారు. ఎవరికీ అమ్మ భాష కాదు, ఎవరికీ కోపం రాదు." ఆయన మామూలుగానే చెప్పారు గానీ, నాకు ఆ సాయంత్రం స్కూటీ మీద వస్తుంటే దిగులేసింది. మా ఇంట్లో కూడా ఇద్దరం మాట్లాడుకుంటున్నది ఆ భాషే. మాదంటూ ఒక్క ముక్క లేదు. అయినా ఏమీ లేని దానికన్నా నయమే కదా అని సర్దుకున్నాను.

ఆయన సెలవుకి వచ్చినప్పుడు కళింగపట్నం వెళ్లాం. ఒకప్పుడు ఓడలు వచ్చిన రేవు అది. ఇప్పుడు దీపస్తంభం, ఒడ్డున ఎండు చేపలు, లాగిపెట్టిన పడవలు. ఆయన సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నాడు. ఏడాదంతా చూసిందే కదా అన్నాడు. నేను స్పెయిన్ మాట చెప్పాను. పాతకాలంలో సముద్రం చివర రెండు స్తంభాలున్నాయనీ, వాటి మీద "ఇక ముందుకు ఏమీ లేదు" అని రాసి ఉండేదనీ చెప్పుకునేవారట. తర్వాత ఓడలు ఆ చివర దాటి వెళ్లాయి. అప్పుడు వాళ్ల రాజు ఆ మాటలోంచి "లేదు" తీసేసి, "ఇంకా ముందుకు" అని తన ముద్ర మీద వేయించుకున్నాడు. మా ఆయన నా ముఖమే చూస్తూ అంతా విన్నాడు. తర్వాత ఒకసారి వెనక్కి తిరిగి సముద్రాన్ని చూశాడు.

"ఇంకా ముందుకంటే ఏటుంటాది? నీళ్లే" అన్నాడు.

నాకు ఆ రోజు చాలా సంతోషంగా ఉంది. వచ్చేస్తాడు, పర్వాలేదు, మాటలు దొరికాయి అనుకున్నాను.

ఆ తర్వాత పనామా మాట వచ్చింది. ఆయన ఎక్కిన ఓడ పనామా జెండాతో తిరిగేది. ఓడ యజమానులు ఇంకెక్కడివాళ్లో, నౌకర్లు ఇంకెక్కడివాళ్లో, జెండా మాత్రం ఆ దేశానిది. ఓడ పనికి వాళ్లిచ్చిన ఆయన సీమెన్ కాగితం మీద వాళ్ల ముద్ర, దాని కింద మాట. "ప్రపంచం మేలు కోసం." రెండు మహాసముద్రాల్ని కలిపే కాలువ వాళ్ల దేశంలో ఉంది కనక అలా పెట్టుకున్నారన్నారు ఫాదర్. ప్రపంచం మేలు కోసం మొగుణ్ణి పంపేసి నేను శ్రీకాకుళంలో ఒక్క గ్లాసుడు బియ్యం వండుకుంటున్నానన్నమాట అనుకున్నాను. ఫోన్లో ఆ మాటే వేళాకోళంగా అన్నాను. ఆయన నవ్వలేదు.

"ఆఁ, బాగుంది. ఇంకోటి సెప్తాను, రాసుకో" అన్నాడు.

ఆ రోజుల్లోనే ఆయన తీరు మారింది. ఎదురు ప్రశ్నలు లేవు, ఊరుకోయే అనడం లేదు. నేను ఎంత చెప్పినా బాగుంది అనడం, వెంటనే అక్షరాలు మొదలుపెట్టడం. ఓడలో పక్కన ఎవరో ఉంటారులే అనుకున్నాను. సెలవులో కూడా వంటింట్లోంచి పిలిస్తే పలికేవాడు కాదు, టీవీ ఇల్లదిరేలా పెట్టేవాడు. ఇంజను గదిలో ఉండి ఉండి అలవాటైపోయింది అనుకుని పిలవడం మానేశాను.

కెనడా మాట ఆ తర్వాతది. "సముద్రం నుంచి సముద్రం దాకా." దీనికి మాత్రం ఫాదర్ అర్థం చెప్పక్కర్లేకపోయింది. సగం చదవగానే నాకే తట్టింది, అది మా చర్చిలో చదివే కీర్తనలోది. రాజు ఏలుబడి ఈ సముద్రం నుంచి ఆ సముద్రం దాకా ఉంటుందని కీర్తన. తూర్పున ఒక మహాసముద్రం, పడమట ఒక మహాసముద్రం ఉన్న దేశం కాబట్టి వాళ్లకి అతికినట్టు సరిపోయిందట. ముద్ర మీదికి ఎక్కి వందేళ్లు కావస్తోందట. నోటుబుక్కులో అందంగా రాసుకున్నాను.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. జనవరి ఒకటో తారీకు పొద్దున ఆరాధన అయ్యాక ఒక పళ్లెంలో వాగ్దానం కార్డులు పెడతారు. ఒక్కో కార్డులో ఒక వాక్యం. ఎవరికి వాళ్లు కళ్లు మూసుకుని ఒకటి తీసుకోవాలి. ఆ ఏడాదికి దేవుడు వాళ్లకిచ్చిన మాట అది. ఇంటికి తెచ్చి బీరువా తలుపుకి అంటించుకుంటాం. ఓడ మీద ఉన్నవాళ్ల కార్డు భార్యే తీయాలి. రెండువేల పద్నాలుగు జనవరిలో నా కార్డు నేను తీసుకుని, ఆయన కోసం రెండోది తీశాను. సముద్రం నుంచి సముద్రం దాకా.

పక్కన ఉన్నవాళ్లు ఎంత మంచి వాక్యం వచ్చిందమ్మా, ఓడ మనిషికి సరిగ్గా సరిపోయింది అన్నారు. నాకు మాత్రం కెనడా గుర్తొచ్చింది. దేశానికైతే ఆ రెండు సముద్రాల మధ్య నేల ఉంది. నా మొగుడికి ఆ మధ్య నేల ఎక్కడిది? ఓ సముద్రం దిగితే ఇంకో సముద్రం. దేవుడే అలా రాసి ఇచ్చాక ఇంక రాడు అనుకున్నాను. నవ్వకండి. తెల్లారి లేచింది మొదలు ఒక్క మనిషితో మాట్లాడకుండా గడిచిన రోజులు లెక్కపెట్టుకునే ఆడదానికి ఏ కాగితం ముక్కలో ఏం కనిపిస్తుందో చెప్పలేం.

ఆ ఆదివారం ఫోన్ వచ్చింది. నోటుబుక్కు ఒళ్లో ఉంది, పెన్ను చేతిలో ఉంది. ఆయన తిన్నావేటే అన్నాడు. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. పెళ్లయినప్పటి నుంచీ ఒక్కసారీ అనని మాట అనేశాను.

"బావా, ఒక్కదాన్నీ ఉండలేకపోతన్నాను. వచ్చెయ్."

అటు పక్క గాలి హోరు. తర్వాత ఆయన గొంతు వచ్చింది.

"ఆఁ, బాగుంది. ఇంకోటి సెప్తాను, రాసుకో."

అక్షరాలు చదవడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చదువుతున్నాడు, చదువుతూనే ఉన్నాడు, నా చెయ్యి మాత్రం ఆ అక్షరాలు రాయలేదు. దేశం గడి వదిలేశాను, అక్షరాల గడి వదిలేశాను, అర్థం గడిలో నేనన్న మాటే రాశాను. ఒక్కదాన్నీ ఉండలేకపోతున్నాను, వచ్చెయ్. పక్కన తేదీ వేశాను. "రాసుకున్నావా?" అంటే "ఊఁ" అన్నాను.

నాకు కోపం వస్తే అరవను, అలుగుతాను. ఒకసారి అలిగితే దిగి రావడం నాకు చేతకాదు. మూడున్నరేళ్లు అలిగాను. ప్రతి ఫోన్లోనూ ఆయన అక్షరాలు చదివేవాడు, నేను ఊఁ, ఊఁ అంటూ కిటికీలోంచి వీధిలోకి చూసేదాన్ని. ఒక్కటీ రాసుకోలేదు. ఫాదర్ దగ్గరికి వెళ్లడం మానేశాను. ఆయనకి జబ్బు ఎక్కువై వేరే ఊరు తీసుకెళ్లారని చాలా రోజులకి తెలిసింది. మధ్యలో మూడు సెలవులకి వచ్చి వెళ్లాడు. మొదటి సెలవులో ఓసారి "ఆ నోటుబుక్కేదే?" అని అడిగాడు. స్కూల్లో ఉందన్నాను. పెట్టె అడుగున చీరల కింద ఉంది. ఆయన మళ్లీ అడగలేదు. ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నాం. ఆయన నా ముఖమే చూస్తూ ఉంటే తల వంచుకుని తినేదాన్ని.

రెండువేల పదిహేడులో కొత్త ఓడ ఎక్కేముందు విశాఖపట్నంలో మెడికల్ పరీక్షకి వెళ్తూ "నువ్వూ రా" అన్నాడు. ఎప్పుడూ అలా అనలేదు. స్కూలుకి సెలవు పెట్టి వెళ్లాను. ఓ చిన్న క్లినిక్కు. కన్ను, రక్తం, ఎక్స్‌రే అన్నీ అయ్యాయి. చెవి పరీక్ష గది బయట బెంచీ మీద కూర్చున్నాక నా వైపు వంగాడు.

"ఒసే, లోన గాజు గదిలో నన్ను కూకోబెడతారు. సెవులకి తగిలిస్తారు. సప్పుడైతే బటను నొక్కాల. నువ్వు మిషను కాడ ఆ పిల్ల పక్కన కుర్సీలో కూకో. మిషను మీద ఎర్ర దీపం ఎలిగినప్పుడల్లా తలూపు. కిందటిసారి మావోడొకడు ఊపాడు. ఏటీ అడక్కు ఇప్పుడు."

పేరు పిలిచారు. లోపలికి వెళ్లాడు. ఆ అమ్మాయి నాకు కుర్చీ చూపించి, మిషన్ వైపు తిరిగింది. అద్దం అవతల మా ఆయన చెవులకి నల్ల డిప్పలు పెట్టుకుని, చేతిలో బటన్ పట్టుకుని, నా ముఖం చూస్తున్నాడు.

ఎర్ర దీపం వెలిగింది. ఆయన నొక్కలేదు. నా ముఖమే చూస్తున్నాడు.

అప్పటికి గానీ నాకు తెలియలేదు. వంటింట్లోంచి పిలిస్తే పలకకపోవడం, టీవీ, బాగుంది ఇంకోటి రాసుకో, పెళ్లయి ఇన్నేళ్లయినా నా ముఖమే చూడటం, అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి. దీపం ఆరిపోయింది. మొదటి దీపానికి నేను తలూపకపోవడం కావాలని కాదు.

రెండో దీపం వెలిగింది. అబద్ధం ఎందుకు, రెండో దీపానికి నాకు తెలుసు. తలూపితే ఓడ. ఊపకపోతే ఇల్లు. ఆయన కనుబొమలు పైకెత్తి నన్ను అడుగుతున్నాడు. ఊపలేదు. మూడోదానికీ ఊపలేదు. ఆ తర్వాత ఆయన చూపు దించేసుకున్నాడు.

చెవులు పనికిరావని రాసిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని తిరుగు బస్సు ఎక్కాడు. తగరపువలస దాటాక కిటికీ వైపే చూస్తూ అడిగాడు.

"ఎందుకూపలేదే?"

నేను ఏదో చెప్పబోయాను. ఆయన ఇటు తిరగలేదు. తిరగకపోతే వినపడదని అప్పుడే నేర్చుకుంటున్నాను. ఆయనే చెప్పుకుపోయాడు.

"ఇంజను మోత. దూది పెట్టుకున్నా ఆగదు. మెల్లమెల్లగా పోయింది. మనిషి ఎదురుగా ఉంటే నోరు సూసి తెలుసుకుంటాను. ఫోన్లో నోరేదీ? కెనడా పోయిన ఏడుకే నీ గొంతు గుయ్యిమనడమే. నువ్వు మాటాడతన్నావని తెలుస్తాది, ఏటి మాటాడతన్నావో తెలీదు. అందుకే అచ్చరాలు సదివీవోణ్ణి. నేను సదివితే నువ్వు రాసుకుంటావు. అంతసేపూ నువ్వు లైన్లో ఉంటావు కదా."

చెప్పొచ్చు కదా అని అడగాలనిపించింది. చెబితే నేను కంగారుపడి ఓడ మానిపిస్తానని భయపడి ఉంటాడు. అడిగినా వినపడదు. రణస్థలం వచ్చేదాకా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ముందు సీటు ఆవిడ రెండుసార్లు తిరిగి చూసింది. ఆయన చూడలేదు.

ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. వసారాలో కుర్చీ వేసుకుని వీధి వైపు చూస్తూ కూర్చునేవాడు. నేను స్కూలుకి వెళ్లేటప్పుడు అలాగే, వచ్చేటప్పుడూ అలాగే. ఆయన చేతిలో పని నేనే లాగేసుకున్నానని ఆయన కోపం. నిజమే, లాగేసుకున్నాను. ఏళ్ల తరబడి భయపడ్డ బతుకు అచ్చం అలాగే వచ్చి మా ఇంట్లో కూర్చుంది. ఇదివరకు ఒంటరిగా ఉంటే కనీసం ఎదురుచూడటానికి ఒక మనిషి ఉండేవాడు. ఇప్పుడు ఆ మనిషి మూడడుగుల దూరంలో ఉన్నాడు, ఎదురుచూడటానికి ఎవరూ లేరు.

ఇరవై రోజులు అలా గడిచాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక, సరిగ్గా ఇదివరకు ఫోన్ వచ్చే వేళకి, ఆయన లోపలికొచ్చాడు.

"ఆ నోటుబుక్కు తే. ఫోన్లో సగం అర్థాలు నాకు ఇనిపించలేదు కదా. సదువుకుంటాను."

ఆయన చదివిన అక్షరాలు మూడున్నరేళ్లవి అందులో లేవు. రాసుకున్నావా అని ప్రతిసారీ అడిగాడు, ఊఁ అని ప్రతిసారీ అన్నాను. ఆయన నన్ను మోసం చేశాడని ఇరవై రోజులుగా లోలోపల నేనూ అలిగి ఉన్నాను, మరి నేను చేసింది మాత్రం ఏమిటి? పెట్టె తీసి, చీరల కింద నుంచి నోటుబుక్కు తెచ్చి ఇచ్చి, వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాను.

కళ్లజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచీ మొదలుపెట్టాడు. వేలు పెట్టి ఒక్కో గడీ చదివాడు. తాళంచెవి దగ్గర నవ్వు వచ్చింది ముఖంలోకి. రోటి పచ్చడి దగ్గర తల అడ్డంగా ఊపాడు, ఇప్పటికీ నమ్మనట్టు. పనామా దగ్గర చాలాసేపు ఆగాడు. కెనడా చదివాడు. దాని కింద వరుసలోకి వేలు దిగింది.

దేశం గడి ఖాళీ. అక్షరాల గడి ఖాళీ. ఆ పక్క గడిలో వేలు ఆగిపోయింది. తర్వాత పేజీ తిప్పాడు, ఖాళీ. ఇంకోటి తిప్పాడు, ఖాళీ. చివరి అట్ట దాకా తిప్పి, మళ్లీ ఆ వరుస దగ్గరికే వచ్చాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"ఒసే, ఇది ఏ దేశానిదే?"

"మనదే" అన్నాను.

వినపడలేదు. నోటుబుక్కులోకే చూస్తున్నాడు. "మనదే బావా" అని గట్టిగా అన్నాను. తలెత్తలేదు. అప్పుడు నా నోట్లోంచి అంత అరుపు ఎలా వచ్చిందో నాకే తెలియదు. "మనదే! మనదే!" అని అరిచాను. గోడ అవతల నుంచి పక్కింటావిడ "ఏటయ్యిందమ్మా?" అంటూ తల పెట్టి చూసింది. చూస్తే చూసింది.

ఆయన తలెత్తాడు. నా నోటి వైపు చూశాడు. మళ్లీ ఆ గడి వైపు, పక్కన వేసిన తేదీ వైపు చూశాడు. ఓడలో అలవాటైన ఆ పెద్ద గొంతు కాకుండా, మామూలు గొంతుతో అడిగాడు.

"ఈ మాట నాకు ఫోన్లో సెప్పావేటే?"

ఆయన కళ్లు నా ముఖం మీదే ఉన్నాయి. ఈసారి తలూపాను.